యాభయ్యో రోజు గుణశేఖర్

గుణశేఖర్ గారికి ఒకటే జబ్బు. ఏది చూసినా అది ఎన్నాళ్లకు నిండుతుందో లెక్క వేస్తారు. తిరుపతిలో మా చిన్న కంపెనీకి ఆయనే పెద్ద ప్రోగ్రామరు. పల్లెల్లో పాలు చల్లబరిచే ట్యాంకులకు టైమరు పెట్టెలు చేస్తాం మేము. కోడులో కాలాన్ని ముప్పై రెండు బిట్ల అంకెలో పెట్టామా, చచ్చామే.

"యాభయ్యో రోజు ఏమైతాదప్పా?" అంటారు.

మిల్లీసెకన్లు లెక్కపెడితే ఆ అంకె నలభై తొమ్మిది రోజుల పదిహేడు గంటలకు నిండి, మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అరవై నాలుగు బిట్లు పెడితే మునిమనవలు ముసలివాళ్లయినా నిండదు.

ఆ పిచ్చి ఆఫీసుతో ఆగదు. మా పెళ్లిలో అక్షింతలు వేస్తూ, "యాభయ్యో రోజు వచ్చి సూస్తా" అన్నారు. అన్నట్టే వచ్చారు. ఆ వేళకు నేనూ మా ఆవిడా మాట్లాడుకోవడం లేదు. ఆయన మొహంలో లెక్క సరిపోయిన తృప్తి.

ఆయన సెలవులో ఉండగా, కొత్తగా చేరిన లోహిత కోడుతో పదకొండు ఊళ్లకు పెట్టెలు వెళ్లిపోయాయి. అన్నిట్లోనూ ముప్పై రెండే. నిండిన రోజు ట్యాంకు చల్లబడదు, ఊరి పాలన్నీ విరిగిపోతాయి. లోహితకు ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

ఆమె ఒక్క పూటలో దిద్దేసింది. కానీ అరవై రోజులు బల్ల మీద ఆడించందే ఏ కోడునూ ఆయన బయటికి పంపరు.

"అంతలోపల ఆడ నిండిపోతాయి గదా సార్?"

"అది నాకొదిలెయ్ పాపా."

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆయన మోటారుసైకిలెక్కి మాయం. అడిగితే, "పుత్తూరులో మోచేతికి కట్టు కట్టించుకోవల్ల" అనేవారు. మోచేతికి కట్టూ లేదు, నొప్పీ లేదు.

యాభయ్యో రోజున లోహిత ఫోను చేతిలో పట్టుకుని అన్నం మానేసి కూర్చుంది. ఒక్క ఊరి నుంచీ ఫోను రాలేదు.

కొత్త కోడు ఎక్కించడానికి నేనూ లోహితా పూతలపట్టు వెళ్లినప్పుడు అక్కడి పాలకేంద్రం భారతమ్మ చెప్పింది. "మీ సారు వచ్చి పెట్టె ఆపి, మళ్లా ఏసి పోయినాడు. ఏందప్పా అంటే, దానికీ రెస్టు కావల్ల అన్నాడు."

ఆపి వేస్తే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. వారానికి రెండేసి ఊళ్లు తిరిగి ఏ పెట్టెనూ ఆయన నిండనివ్వలేదు. ఓనరుకు ఒక్క మాట చెప్పలేదు. ఆయన్ని ఇన్నాళ్లూ వెక్కిరించినందుకు నాకు సిగ్గేసింది.

ఆ నెలలోనే లోహిత ఉద్యోగం ఖాయమైంది. "ఎందుకు సార్ ఇంత శ్రమ?" అని అడిగింది, కళ్లు తుడుచుకుంటూ.

"నా మొదటి ఉద్యోగంలో నేనూ ముప్పై రెండే పెట్టినా పాపా. పాలు విరిగినాయి, నన్ను తరిమేసినారు." కడుపు నిమురుకున్నారు. "ఇంక నన్ను ఆ ఊళ్లకు మాత్రం తోలొద్దు. పోయిన చోటల్లా చెంబుడు పాలిచ్చి, తాగిందాకా కదలనీరు. నాకు పాలు పడవు."