ఒకే పెళ్లికొడుకు, మూడు వయసులు

చిక్కడపల్లిలో ఒక మిఠాయి దుకాణం పైన వీరరాఘవరావుగారి పెళ్లిసంబంధాల ఆఫీసు ఉంది. అందులో విజయశ్రీ పదకొండేళ్లుగా పనిచేస్తోంది. వయసు ముప్ఫై ఎనిమిది. ఉండేది అశోక్‌నగర్‌లో. ఆ వీధిలో గది గదికీ ఎవరో ఒకరు గ్రూప్స్ పరీక్షలకు చదువుతుంటారు. బీకాం అయ్యాక మళ్లీ పుస్తకం తెరవని మనిషి అక్కడ బహుశా ఆమె ఒక్కతే. ఆమె చదివేదల్లా బయోడేటాలే. ఐదడుగుల ఎనిమిదంగుళాలని రాస్తే అందులో రెండంగుళాలు చెప్పులవని, 'సింపుల్ ఫ్యామిలీ' అంటే అత్తగారు గట్టిదని ఆమెకు చూడగానే తెలిసిపోతుంది.

ఒక మంగళవారం కవాడిగూడ నుంచి అన్నపూర్ణ అనే ఆవిడ ఫోన్ చేసింది. కూతురికి సంబంధాలు చూస్తోంది.

"విజయశ్రీ, నువ్వు పంపిన రెండు సంబంధాలు చూసినమమ్మ. అన్నదమ్ములిద్దరూ ఒక్క తీరే ఉన్నరు. అన్నకు ముప్ఫైనాలుగంట, జర ఎక్కువైతది. తమ్మునికి ఇరవైతొమ్మిదే గద, మాకు తమ్ముడే నచ్చిండు."

విజయశ్రీకి అనుమానం వచ్చింది. కంప్యూటర్లో రెండు బయోడేటాలూ పక్కపక్కన తెరిచి చూసింది. అన్న లేడు, తమ్ముడూ లేడు. మనిషి ఒక్కడే. ఒక ఫోటోలో మీసం ఉంది, ఇంకోదాంట్లో లేదు. ఎందుకైనా మంచిదని ఇంకా వెతికితే, కళ్లజోడు పెట్టుకుని ముప్ఫై ఒక్కేళ్ల వయసుతో మూడోసారి కూడా దొరికాడు.

పరుగున వెళ్లి రావుగారికి చెప్పింది. ఆయన నింపాదిగా కాజా కొరుకుతూ, "మూడుసార్లు పేరిచ్చిండంటే మన మీద ఎంత నమ్మకమో చూడు" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వస్తుంటే మెట్ల దగ్గర కింది వాటాలో ఉండే రచన కనిపించింది. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. ఆమెతో చెప్పుకుని విజయశ్రీ లబోదిబోమంది. రచన నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది.

"అక్కా, ఒక మనిషిని ఒక్కసారే ఎక్కించాలె, మళ్ల వస్తే పట్టుకోవాలె. డేటాబేస్ ఉండేదే అందుకు. మీరు ఇన్నేండ్లు చేసింది గదే పని, కాకపోతే చేత్తో చేసిన్రు. నేర్చుకోరాదు?"

"ఈ వయసుల నాకెవరిస్తరమ్మ ఉద్యోగం?"

"ఇస్తరో లేదో తర్వాతి మాట. ఒక్కటి గుర్తుంచుకోండ్రి. కోచింగోళ్లు చివర్ల ఫోటో దిగి ఇచ్చే కాయితం వేరు. సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీ పెట్టే పరీక్ష రాసి తెచ్చుకునే సర్టిఫికెట్ వేరు. మొదటిది గోడకు పనికొస్తది."

విజయశ్రీ భర్త జగదీశ్వర్ నారాయణగూడలో బట్టల దుకాణంలో లెక్కలు చూస్తాడు. కుక్కర్‌కు రబ్బరు కొనాలన్నా పదిమందిని అడిగే రకం. భార్య కోర్సు చేస్తానన్న మాట చెవిన పడగానే ఆయనకు పండగ వచ్చినట్లయింది. నాలుగు రోజుల్లో పందొమ్మిది కరపత్రాలు తెచ్చి మంచం మీద పరిచాడు. సెలూన్ అతను క్లౌడ్ అన్నాడట. చాయ్ దుకాణం దగ్గరెవరో డేటాబేస్ పనంతా ఇక ఏఐయే చేస్తుందన్నారట. రిటైరైన పక్కింటాయన మాత్రం ముందు టైపు లోయర్ పాస్ కమ్మన్నాడట.

"నన్ను చూడనీకి వచ్చినప్పుడు కూడ ఇంతమందిని అడిగిన్రా?" అంది విజయశ్రీ.

"ఎందుకడగలే? పద్నాలుగు మందిని అడిగిన" అన్నాడు జగదీశ్వర్, ఎంతో నిజాయితీగా.

మొదట నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర అద్దాల మెరుపుల ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు. టై కట్టుకున్న అభిజిత్ అనే అబ్బాయి చల్లటి నీళ్లిచ్చి కూర్చోబెట్టాడు. డేటాబేస్, క్లౌడ్, ఏఐ, ఇంగ్లిష్ మాట్లాడడం, అన్నీ కలిపి ఒకటే ప్యాకేజీ అన్నాడు.

"వీట్ల నాకు ఏది మంచిది బాబు?"

"అన్నీ మంచివే మేడం. రెండే సీట్లున్నయ్. మీ వెనకాల ఇద్దరు అడుగుతున్నరు."

విజయశ్రీ ఆ మాటను వెంటనే గుర్తుపట్టింది. "ఈ సంబంధం ఇంకో ఇద్దరు చూస్తున్నరండి" అని పదకొండేళ్లుగా తాను రోజూ ఎందరికో చెప్పే మాట అది. ఆ అబ్బాయి మీద ఒక్కసారిగా సాటి పనివాడి మీద కలిగే ఆప్యాయత కలిగింది.

"వందకు వంద ఉద్యోగం గ్యారంటీ అని రాసిన్రు గద. మీ దగ్గర చదివి ఉద్యోగం వచ్చినోళ్ల నంబర్లు ఒక మూడు ఇస్తవా? మేమైతే మా దగ్గర పెండ్లయినోళ్ల నంబర్లు ఇస్తం."

అభిజిత్ టై సర్దుకుని, సార్‌ను అడిగి వస్తానని లోపలికి వెళ్లాడు. పావుగంటైనా రాలేదు. జగదీశ్వర్ ఇంకో గ్లాసు నీళ్లు తాగాక ఇద్దరూ లేచి వచ్చేశారు.

పందొమ్మిదిలో పద్దెనిమిది అలాగే పోయాయి. మిగిలిన కరపత్రం అసలు కరపత్రమే కాదు, చిక్కడపల్లి లైబ్రరీ దారిలో ఒక జిరాక్స్ దుకాణం గోడ మీద నుంచి ఆయన పీకి తెచ్చిన తెల్లకాగితం. ఆ దుకాణం పై గదిలో ఎనిమిది కుర్చీలు, కిర్రుమనే ఫ్యాను, మాధురి అనే మేడం. ఇరవై ఏళ్లు కంపెనీల్లో పనిచేసి, వెన్నునొప్పి వల్ల మానేసి, ఇక్కడ పాఠాలు చెప్పుకుంటోంది.

విజయశ్రీ ఉన్నదున్నట్టు అడిగేసింది. "మేడం, ఒక్క పిలగాడు మూడు వయసులతోటి మూడుసార్లు పేరిచ్చిండు. ఎట్ల పట్టుకోవాలె?"

మాధురి నవ్వలేదు. బోర్డు మీద గళ్లు గీసి పేరు, వయసు, ఎత్తు, జీతం, ఫోన్ అని రాసింది. "దీంట్ల అబద్ధం చెప్పలేనిది ఏది?"

"ఫోన్ నంబరు. అది తప్పు రాస్తే మన ఫోనే వాళ్లకు పోదు గద."

"మరి నిజంగ అన్నదమ్ములే ఉంటే? తండ్రి నంబరే ఇద్దరికీ ఇస్తరు గద?"

విజయశ్రీ తను చదివిన బయోడేటాలన్నీ మనసులో తిరగేసింది. "నక్షత్రం, పాదం! పుట్టిన సంవత్సరం మారుస్తరు గాని నక్షత్రం మార్చరు మేడం. మారిస్తే జాతకం కుదరదని భయం. నంబరు, నక్షత్రం, పాదం మూడూ కలిస్తే వాడే వీడు."

మాధురి చాక్‌పీసు పక్కన పెట్టింది. "ఇది నేర్పడానికి నాకు నెల పడ్తది. రేపటి నుంచి రండ్రి."

"ఉద్యోగం గ్యారంటీనా?" అని జగదీశ్వర్ వెనక నుంచి అడిగాడు.

"కాదండి. పరీక్షకు తయారు చేస్త. ఉద్యోగం ఆమె తెచ్చుకోవాలె."

పదకొండేళ్లలో ఏ పెళ్లివారి నోటా ఇంత చేదు నిజం వినలేదు విజయశ్రీ. అక్కడే చేరింది.

పొద్దున ఆరున్నరకు క్లాసు. ఇంట్లో ఉప్మా బాధ్యత జగదీశ్వర్ మీద పడింది. మొదటి వారం ఉప్మా గిన్నెను వదలలేదు. నాలుగో నెలలో ఆఫీసు జాబితానే తెచ్చి పని నేర్చుకొమ్మని మాధురి చెప్పింది. రావుగారు "తీస్కపో తల్లి, మనకు మంచిదే" అన్నాడు. ఏం మంచిదో ఆయన అప్పుడు ఆలోచించలేదు.

పది రోజుల తర్వాత విజయశ్రీ లెక్క తేల్చి ఆయన బల్ల మీద పెట్టింది. నాలుగువేల ఆరువందల పెళ్లికొడుకుల్లో ఒకరే పలుమార్లు పేరిచ్చినవి తీసేసి, పెళ్లయిపోయినవాళ్లను తీసేస్తే మిగిలింది పదిహేను వందల పన్నెండు.

రావుగారి చేతిలో కాజా ఆగిపోయింది. "పది దినాల్ల మూడువేల మంది పెండ్లికొడుకులను మాయం చేస్తివి గదమ్మ!"

"అండ్ల ఆరువందల మందికి పిల్లలు కూడ ఉన్నరు సార్."

"ఉండనియ్! చూస్తే నష్టమేంది? బోర్డు మీద నాలుగున్నరవేలు అని రాయించిన. ఇప్పుడు నేనేం మొఖం పెట్టుకోవాలె?" ఆయన కాజా పళ్లెంలో పెట్టేశాడు. "ఇంతకూ మొత్తం తీసేసినవా?"

"లేదు సార్. ఏది తీసేయాలన్నా ముందు నకలు దాచిపెట్టాలని మా మేడం మొదటి రోజే చెప్పింది. అన్నీ భద్రంగ ఉన్నయ్."

రావుగారికి పోయిన ప్రాణం లేచి వచ్చింది. వారం రోజులు ఆమెతో ముభావంగానే ఉన్నాడు. తర్వాత ఒకరోజు తనే వచ్చి, ఈమధ్య ఫోన్లలో తిట్లు తగ్గాయని, కొత్త జాబితానే వాడమని గొణిగాడు. బోర్డు మాత్రం మార్చలేదు.

సర్టిఫికెట్ పరీక్ష మొదటిసారి తప్పింది. ఫోన్ నంబరు ఇవ్వని ఖాతాదారును ఏం చేయాలన్న ప్రశ్నకు, ఆ గడి ఖాళీగా ఉంచవచ్చు అన్న జవాబు వదిలేసి, అలాంటివాణ్ని నమ్మకూడదని మొత్తానికే తీసేసే జవాబు పెట్టి వచ్చింది. ఇలాంటివే ఇంకో ఆరు. ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా మంచం మీద కూర్చుంది. జగదీశ్వర్ ఎవరినీ ఏమీ అడగలేదు. చాయ్ పెట్టి తెచ్చి, "లోకం తెలిసినోళ్లకు గిట్లనే అయితది. ఇంకోసారి రాయి" అన్నాడు. పెళ్లయ్యాక ఆయన సొంతంగా చెప్పిన మొదటి సలహా అదేనేమో. రెండు నెలలకు మళ్లీ రాసి పాసైంది.

ఇంటర్వ్యూలు ఐదు తప్పాయి. ఆరోది బషీర్‌బాగ్‌లో, రక్తపరీక్షల కేంద్రాలు నడిపే ఒక కంపెనీలో. సృజన్ అనే కుర్ర మేనేజరు అనుభవం ఏముందని అడిగాడు. విజయశ్రీ అన్నదమ్ముల సంగతి, నక్షత్రం సంగతి, మూడువేల మంది మాయమైన సంగతి చెప్పింది. పక్క గదిలోవాళ్లు తొంగి చూసేంతగా నవ్వాడతను. మా దగ్గరా ఒకే రోగి నాలుగు పేర్లతో ఉంటాడు, రిపోర్టులు తారుమారవుతాయి అన్నాడు. ఆమె తలుపు దాకా వచ్చాక గొంతు తగ్గించి అడిగాడు.

"మేడం, మా అమ్మ కూడ చిక్కడపల్లిల మీ ఆఫీసులనే నా పేరిచ్చింది. నాకు ఎంత వయసు రాసిందో చెప్తరా?"

"అది బయటికి చెప్పగూడదు సార్" అంది విజయశ్రీ. ఉద్యోగం ఆ మాటకే వచ్చిందని రచన ఇప్పటికీ అంటుంది.

చేరిన మూడో వారం ఆమెకు పెద్ద పని ఒకటి అప్పగించారు. మూడేళ్ల రోగుల రికార్డులన్నీ కలిపి సరిచూసే పని. మీట నొక్కితే కంప్యూటరే నలభై నిమిషాలు నడుపుకుంటుంది. చుట్టూ ఉన్న పిల్లలంతా భోజనానికి లేచారు.

"రండి అక్కా, దాని పని అది చేసుకుంటది. మనం చూస్తుండక్కర్లేదు" అని ఒకమ్మాయి పిలిచింది.

"మీరు పొండ్రి, చూడకుండ నమ్మే అలవాటు నాకు లేదు" అని విజయశ్రీ డబ్బా ఒళ్లో పెట్టుకుని, తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా పులిహోర తింటూ కూర్చుంది.