చెల్లెలి పడవకు పరుపులు

సోఫాలకు, కారు సీట్లకు తొడుగులు కుట్టే ఆవిడను వీధి వీధంతా సూదక్క అనే పిలిచేది. కింది వాటాలో ముందు కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం. భర్త పోయి చాలాకాలమైంది. పై వాటాలో చెల్లెలు బుల్లి, బస్సు నడిపి రిటైరైన ఆమె మొగుడు ఉండేవారు.

బుల్లికి ఈత నేర్పింది సూదక్కే. నీళ్ళంటే హడలిపోయి అక్క మెడ పట్టుకుని వేలాడిన పిల్ల అది. అందుకే ఓ ఆదివారం మొగుడూ పెళ్ళాలిద్దరూ కిందికి దిగివచ్చి, వాటా అమ్మేశామని, పాత తెరచాప పడవొకటి కొన్నామని, ఇక కాపురం దాని మీదేనని చెబితే సూదక్క పడీపడీ నవ్వింది. వాళ్ళు నవ్వలేదు.

“నీకు పడవేమిటే? బకెట్టు నిండి పొర్లితే కేకలు పెట్టేదానివి!”

“ఇప్పుడు పెట్టడం లేదుగా,” అంది బుల్లి.

ఆ వారం నుంచే పై వాటా సామాను మెట్లు దిగడం మొదలుపెట్టింది. బీరువా, కుర్చీలు, నిలువుటద్దం. “నీకు కావాలా అక్కా? లేకపోతే ఎవరికైనా ఇచ్చేస్తా,” అనేది బుల్లి, వేరుశనగ పొట్టు ఊదేసినంత తేలిగ్గా. ఆ తేలికే సూదక్కకు గిట్టలేదు. తన కొట్టులో ఆవిడ గుడ్డ పేలిక కూడా పారేసి ఎరగదు. అద్దం తీసుకుని గోడవైపు తిప్పి పెట్టింది. కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళతోనూ ఆ పడవ కారుతోందట అని చెప్పింది. కారడం లేదని ఆవిడకు తెలుసు.

“లోపల పడక ముందుకు పోనుపోను సన్నబడుతుందక్కా. బజారు పరుపు పట్టదు. నువ్వే కుట్టాలి,” అని బుల్లి అడిగితే, కాదనలేక కొలతలకు వెళ్ళింది.

పడవను ఒడ్డు మీద దిమ్మెలపై నిలబెట్టారు. మరిది అడుగుభాగానికి రంగు వేస్తున్నాడు. నిచ్చెనెక్కి లోపలికి దిగగానే సూదక్క తల పైదూలానికి ఠంగుమని తగిలింది. వెనకే వచ్చిన బుల్లి మాట్లాడుతూనే, అటు చూడనైనా చూడకుండా, తల వంచి అదే దూలం కిందినుంచి జారిపోయింది. నిలబడ్డచోటే ఇటు తిరిగి పొయ్యి వెలిగించింది, అటు తిరిగి కిటికీ తెరిచింది. ఆ ఒంటికి ఆ ఇల్లు అప్పుడే అలవాటైపోయింది. సూదక్క నుదురు రుద్దుకుంటూ టేపు సాగదీసింది. నుదుటి నొప్పి ఇల్లు చేరేసరికి తగ్గింది. రెండో నొప్పి తగ్గలేదు.

ఇక వాయిదాలు మొదలయ్యాయి. స్పాంజి రాలేదంది. మిషను మొరాయించిందంది. గాలులు మారేలోగా బయలుదేరాలని మరిదికి ఆత్రం.

“పోనీ లెండి వదినా, చెక్కల మీదే పడుకుంటాం,” అన్నాడు మర్యాదగా. ఆ మర్యాదకు ఆవిడకు ఇంకా మండింది.

మర్నాడు కత్తెర కోసం కొట్టులోకి వచ్చిన బుల్లి, కత్తిరింపు బల్ల కింద దుప్పటి కప్పి ఉన్న దొంతరను చూసింది. దుప్పటి లాగింది. నీలం పరుపులు, అంచులు ముచ్చటగా తిప్పి కుట్టినవి.

“అయిపోయాయిగా! చెప్పలేదేం?”

సూదక్క మిషను ఆపింది. “చెబితే వెళ్ళిపోతావుగా.”

“నన్ను వెళ్ళొద్దంటున్నావా?”

“కాదే. నువ్వెళ్తావు, నేను ఇక్కడే పడుంటాను. ఒళ్ళు మండింది. చాలా?”

బుల్లి ముఖం ఎర్రబడింది. “ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కటి, నీకంటే ముందు నేను చేస్తే ఓర్చుకోలేవు కదూ?”

“ఓర్చుకోలేను,” అంది సూదక్క.

అక్కచెల్లెళ్ళిద్దరూ చెరో కొస పట్టుకుని పరుపులు ఆటో ఎక్కించారు.

బయలుదేరే రోజున సూదక్క రేవుకు వెళ్ళింది. తాడు విప్పమంటే విప్పింది. పడవ మలుపు తిరుగుతుంటే చుక్కాని దగ్గర ఉన్నది మరిది అనుకుంది. కాదు, బుల్లి. మరిది తెరచాప తాళ్ళు లాగుతున్నాడు. కనుమరుగయ్యేదాకా చూసి, ఇంటికి వచ్చి పడుకుంది. ఆ రోజు కొట్టు తెరవలేదు.

ఎండాకాలంలో వాళ్ళు దూరపు రేవులో ఆగితే సూదక్క వెళ్ళి పడవలో కొన్నాళ్ళుంది. మొదటి రోజంతా వాంతులు. తేరుకున్నాక చుక్కాని అడిగి పట్టుకుంది. “అటు కాదక్కా, ఇటు. మెల్లగా,” అని బుల్లి చెబుతుంటే రోషమొచ్చి వదిలేసింది. కాసేపటికి తనే వచ్చి మళ్ళీ అడిగింది.

ఊరికి తిరిగొచ్చాక మీ చెల్లెలెలా ఉందని ఎవరో పలకరించారు.

“దానికేం రోగం? దివ్యంగా ఉంది,” అని సూదక్క దారం పుటుక్కున తెంపింది.