నాలుగో చక్రం కింద

మహిమల్నీ దయ్యాల్నీ నేనెప్పుడూ నమ్మలేదు. భయపడడానికి నాకు మామూలు విషయాలే సరిపోతాయి. పాప పుట్టాక అవి మరీ పెరిగాయి. ఇప్పుడూ పక్కన నిద్రపోతున్న దాని ఊపిరి వింటూనే ఇది రాస్తున్నాను.

బహ్రెయిన్ వచ్చాక ఒక పాత కారు కొన్నాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించమని అత్తగారు వీడియో కాల్లో చెప్పారు. ఫ్రిజ్‌లో మూడే ఉన్నాయి. వెనక కుడి చక్రానికి లేకపోయింది.

"మూడు చాల్లేమ్మా, ఆటో అనుకో," అన్నారు మావారు.

"నీ వెటకారం తగలెయ్య! అమ్మాయ్, ఆ నాలుగోది నువ్వైనా పెట్టు," అన్నారావిడ.

తర్వాత ఇద్దరం మర్చిపోయాం.

మొన్న చలికాలంలో ఒక మధ్యాహ్నం వాన దంచేసింది. ఇక్కడ కాస్త గట్టి వానపడితే చాలు, నీళ్లు ఎటూ పోవు. అరాద్‌లో మా వీధంతా మునిగింది. అదే సమయంలో పాపకి ఆయాసం ఎక్కువైంది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. మావారు డ్యూటీలో ఉన్నారు. ఎదురుచూసే ధైర్యం లేక నేనే కారు తీశాను.

వీధి చివర, నీళ్లలో కనబడని ఫుట్‌పాత్ అంచుకి వెనక చక్రం కొట్టుకుంది. ఫట్‌మని చప్పుడు. కారు కుడివైపు ఒరిగింది. ఆగితే పాప ఏమవుతుందోనని ఆపలేదు.

కాసేపటికి కారు తనంతట తనే సర్దుకుంది. కుదుపు లేదు, చప్పుడు లేదు. మనామా వెళ్లే వంతెన ఎక్కాక సముద్రం, వాన, ఆకాశం అన్నీ ఒకే బూడిదరంగు. పడవలో పోతున్నట్టుంది. కారంతా నిమ్మకాయ వాసన, అప్పుడే కోసినట్టు. భ్రమేమో అనుకుంటూ ఉండగా వెనక సీట్లోంచి పాప, "అమ్మా, పులుపు," అంది.

మనామాలో ఆసుపత్రి బేస్‌మెంట్‌లో కారు ఆపి, పాపని ఎత్తుకుని పరిగెత్తాను. నెబ్యులైజర్ పెట్టాక ఊపిరి కుదుటపడింది.

మావారు వచ్చాక, పాప నా భుజం మీద నిద్రపోతుండగా కిందికి దిగాం. వెనక కుడి టైరు పక్కభాగం జానెడు చీలిపోయి, నేలకి అతుక్కుపోయి ఉంది.

"దీంతో వంతెనెలా దాటావే?" అన్నారాయన. రిమ్ము మీద గీతైనా లేదు.

జాకీతో లేపేసరికి దాని కింద నలిగిన నిమ్మకాయ కనిపించింది. రసం ఇంకా ఆరలేదు.

"ఎవరో పడేసుంటారు," అన్నారు. ఈసారి ఆయన నవ్వలేదు.

అయ్యుండొచ్చు. మరి వంతెన మీద ఆ వాసన ఎక్కడిదో, చీలిన టైరు అంతదూరం ఎలా మోసిందో నాకిప్పటికీ తెలీదు. అత్తగారికి పాప బాగుందని మాత్రమే చెప్పాను.

నమ్మనన్నాను కదా. అయినా అప్పట్నుంచీ మా ఫ్రిజ్‌లో నిమ్మకాయలు నాలుగు కంటే తగ్గనివ్వడం లేదు.