సోమవారం కబురు

మా బావ కటింగ్ మాస్టరు. ఇరవై రెండేళ్లు ఒకే టైలరింగ్ షాపులో, ఒకే బల్ల ముందు నిలబడ్డాడు. టేపు పట్టకుండానే నడుం కొలత చెప్పేవాడు. నాకు పొట్ట పెరుగుతోందని నాకంటే ముందు కనిపెట్టింది ఆయనే.

ఆ షాపు మూతపడి తొమ్మిది నెలలు. మొదట్లో ఆయన పని కోసం తిరిగి ఇంటికి రాగానే అక్క "ఏమన్నారండీ?" అనేది. తర్వాత అడగడం మానేసి మంచినీళ్లు ఇస్తోంది. "ఆ గ్లాసు చూస్తే భయమేస్తోందిరా" అన్నాడు నాతో.

పోయిన నెల బస్టాండు వెనక ఒక షాపు ముందు బోర్డు చూశాడు: కటింగ్ మాస్టర్ కావలెను. "మీ చెయ్యి చూడాలి కదా మాస్టారూ" అని యజమాని స్కూలు యూనిఫాం తానులు ముందు పడేశాడు. చెయ్యి చూడ్డానికి ఒక్క చొక్కా చాలదూ? ఈయన జీతం మాట ఎత్తకుండా మూడు రోజులు నడుం వంచి కత్తిరించాడు. మిగిలిన గుడ్డ మీద సుద్దతో గీతలు కూడా గీసిపెట్టి వచ్చాడు. సోమవారం కబురు చేస్తామన్నారట.

ఆ మూడు రోజులూ ఇంట్లో ఆయన గొంతు లేచింది. కూరలో ఉప్పు తక్కువైందని అక్కను కసిరాడు. అక్క ఎంత మురిసిపోయిందో!

సోమవారం స్నానానికి వెళ్తూ ఫోను నా చేతికిచ్చి, "మోగితే తలుపు కొట్టు" అన్నాడు. మోగింది. రాంగ్ నంబరు. ఆయన అప్పటికే సబ్బు నురగతో బయటికొచ్చేశాడు.

గురువారం ఇద్దరం వెళ్లాం. బోర్డు అలాగే ఉంది. బల్ల దగ్గర ఇంకెవరో పెద్దాయన, బావ గీసిన గీతల మీదే కత్తెర నడుపుతున్నాడు. బయట బెంచీ మీద మరొకాయన, తువ్వాలులో చుట్టిన కత్తెర ఒళ్లో పెట్టుకుని తన వంతు కోసం కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఉద్యోగమూ లేదు, సద్యోగమూ లేదు. బోర్డు పెట్టి ఊరికే పని చేయించుకుంటున్నారు.

బెంచీ మీదాయన బావను అడిగాడు. "మీరిక్కడ చేశారా మాస్టారూ? షాపు ఎలాంటిది?"

"మంచి షాపే" అన్నాడు బావ.

సందు మలుపు తిరగ్గానే అరిచాను. "ఒక్క మాట చెబితే ఆయనకు ఆ గొడ్డుచాకిరీ తప్పేది కదా బావా!"

"లోపలికి వినపడితే?" అన్నాడు తలెత్తకుండా. "రేపు నన్ను పిలుద్దామనుకున్నా పిలవరు కదురా."

ఇంటికి రాగానే అక్క గ్లాసు ఇచ్చింది. అన్నం దగ్గర తెలిసింది, కూరలో ఉప్పు సగమే వేసిందని. కావాలనే వేసింది. ఆయన వంకే చూస్తూ కూర్చుంది.

బావ ఉప్పు అడక్కుండానే తిని, చెయ్యి కడుక్కున్నాడు.