కండెల చట్రం మీద సాకెట్లు

మా పుట్టింట్లో మగ్గం తీసేసినప్పుడు, నూలు కండెలు గుచ్చే చెక్క చట్రాన్ని మా బాపు పొయ్యిలోకి చీల్చబోతే మా ఆయన అడిగి తెచ్చుకున్నాడు. అప్పటికి తెలంగాణ వచ్చి ఒకటి రెండేళ్లయిందేమో. చిట్యాలలో రోడ్డు పక్కన ఆయనకు లారీల మెకానిక్ షెడ్డు ఉండేది. చట్రానికి వరుసగా ఇనుప పుల్లలుంటాయి. కండెలుండే ఆ పుల్లలకు ఆయన సాకెట్లు గుచ్చాడు. నట్టు నెత్తిన టోపీలాగా కూర్చొని దాన్ని తిప్పుతాయే, అవి. చిన్నవి ఎక్కకపోతే పుల్లలను ఆకురాయితో రాకాడు, పెద్దవి ఊగకుండా పాత ట్యూబు ముక్కలు చుట్టాడు.

చిన్నవి ఒక దిక్కు, పెద్దవి ఒక దిక్కు అనుకునేరు, అట్లా కాదు. ఏ పనికి ఏ రెండు మూడు కలిసి కావాలో అవి పక్కపక్కన. లారీ కింద పండుకొని చెయ్యి చాపితే దొరకాలి, అంతే ఆయన లెక్క. రోజూ సద్ది తీసుకపోయి ఆ చట్రం పక్కనే కూర్చున్నాను గాని ఒక్కదాన్ని కూడా ముట్టనియ్యలేదు. "నీ కండెలు కావే ఇవి, చిక్కువడితె ఇడదీసుడు రాదు" అనేవాడు.

పక్షవాతం వచ్చి ఆయన షెడ్డులోనే పడిపోయిన నాడు, దొంగలెత్తుకపోతారని అక్కడున్నవాళ్లు సాకెట్లన్నీ గోనెసంచిలో పోశారు. ఏండ్లుగా ఆయన దగ్గర హెల్పరుగా పనిచేసే మనిషి ఆ సంచినీ చట్రాన్నీ ఇంట్లో దింపిపోయాడు.

దవాఖాన నుంచి వచ్చేసరికి ఆయన కుడిచెయ్యి చచ్చుబడింది. మాట ఉంది గాని ఒకటనబోతే ఒకటి వస్తున్నది. మంచినీళ్లకు చెప్పులనేవాడు. చెప్పులు తెచ్చి ముందర పెడితే నన్ను చూసి ఏడ్చేవాడు.

షెడ్డు జాగా యజమాని మా ఇంటికొచ్చాడు. "అమ్మా, మూతవెట్టుకొని కూసుంటె నాకేం ఫాయిద? నడిపిస్తె నడిపియ్యుండ్రి, లేకుంటె ఇంకొకలు అడుగుతుండ్రు" అన్నాడు. హెల్పరు నాకు ధైర్యం చెప్పాడు. "అన్న కుర్సీల కూసొని చెప్తె సాలు వదినా. చేతులు నాయి."

ఆ చెప్పుడు వస్తుందా రాదా, అదే మాకు బతుకు.

సాకెట్లను గ్యాసునూనెలో కడిగి, తుడిచి, చట్రాన్ని గోడకానించి ఆయన ముందర కూర్చున్నాను. చదువు లేకున్నా వాటి మీది సైజు అంకెలు తెలుసు. "ఇరవై నాలుగు" అనేవాడు, వెతికి ఇచ్చేదాన్ని. విసిరికొట్టేవాడు. "ఇరవై నాలుగే గదయ్యా, జర సూడు" అంటే మళ్లీ ఇరవై నాలుగే అనేవాడు. నేనే గుచ్చుదామంటే, సన్నపుల్లా లావుపుల్లా అన్నది తెలుస్తుంది గాని దేని పక్కన ఏదో నాకేం తెలుసు? అందరి పెళ్లిళ్ల ముచ్చట్లు, పెట్టిన చీరెల రంగులతో సహా చెప్పేదాన్ని. కండ్ల ముందర ఏండ్లకేండ్లు ఉన్న ఆ వరుస ఒక్కటి యాదికి రాలేదు.

ఒకనాడు నేను బియ్యం ఏరుతుంటే టక్కుమని చప్పుడైంది. చూస్తే, ఆయనే ఎడమచేత్తో కుప్పలోంచి ఒకటి తీసి, దాని మూతిని బొటనవేలితో తడిమి, పుల్లకు గుచ్చుతున్నాడు. ఇంకొకటి. మరొకటి. అంకె దిక్కు కూడా చూడలేదు. పొద్దుగూకేసరికి చట్రం నిండింది. హెల్పరు వచ్చి చూసి, "ఓయమ్మ, ఒక్కటి తప్పలేదు వదినా" అని నవ్వాడు. మేం ముగ్గురం నవ్వినం ఆ రోజు.

చట్రాన్ని తీసుకపోయి షెడ్డు తెరిచాం. మొదటి లారీ వచ్చింది. హెల్పరు కింద పండుకొని ఒక బోల్టు బిగిస్తున్నాడు. ఆయన కుర్చీలో ఉన్నాడు. నేను సద్ది గిన్నె పట్టుకొని అప్పుడే లోపలికి వచ్చాను. "ఇంకా, ఇంకా" అంటున్నాడు మా ఆయన. కాని ఎడమచెయ్యి ఎత్తి పట్టుకున్నాడు, ఆగుమని. నాకు ఆ చెయ్యి కనిపిస్తున్నది. లారీ కింద ఉన్నాయనకు నోరే వినిపిస్తున్నది. నేను పిలిచేసరికే బోల్టు పటుక్కున లోపల విరిగింది.

"నేను రోజు వచ్చి కూసుంట తమ్మీ, చెయ్యి జూసి నేను చెప్త" అన్నాను.

హెల్పరు లారీ కింది నుంచి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. "ఎన్ని దినాలని కూసుంటవు వదినా? బ్రేకుల పని ఉంటది. పానాలతోని ఆట" అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేముంది?

షెడ్డు చివరికి ఆ మనిషికే కిరాయికి దక్కింది. చట్రం మళ్లీ మా ఇంటికొచ్చింది. పరాయివాళ్లకు పోనందుకు సంతోషమే. కొన్నాళ్లకు ఖాళీ గోనెసంచి చంకన పెట్టుకొని వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "అన్నా, నీ సాకెట్లు నాకిస్తవా? నువ్వు ఇస్తెనే తీస్కపోత" అన్నాడు.

మా ఆయన నన్ను చూసి "ఇయ్యకు" అన్నాడు. "ఇయ్యకు, ఇయ్యకు" అనుకుంటనే చట్రం దగ్గరికి జరిగి, ఎడమచేత్తో ఒక్కొక్కటి ఊడదీసి ఒళ్లో వేసుకుంటున్నాడు. ఒడి నిండితే పిడికెడు తీసి నా దిక్కు చాపాడు.

ఆయన నా ముఖం చూస్తున్నాడు, హెల్పరూ నా ముఖమే చూస్తున్నాడు. నోటిది నమ్మాలా, చేతిది నమ్మాలా? ఇన్నాళ్లూ చెయ్యే నిజమైంది. ఈ ఒక్కసారి నోరే నిజమైతే? అడుగుదామంటే ఏ మాట అడగను, ఏ మాట వస్తుందని?

గోనెసంచి మూతి తెరిచి పట్టుకొని ఆయన ముందర నిలబడ్డాను.