చుక్కాని వంతు

బర్మింగ్‌హామ్ కాలవలో సన్నటి పడవే కాపురంగా ఉండే బెరిల్, ఏటా వేసవి ముందు బల్ల మీద పటం పరిచి, పెన్సిల్ ములుకు నాలికతో తడుపుకుంటూ ప్రయాణం గీస్తుంది. మొగుడు నార్మన్ టోపీ పెట్టుకుని చుక్కాని పడతాడు. ఆవిడ నీటి తూములు తిప్పే ఇనప కడ్డీ నడుముకు దోపుకుని, గట్టున నడుస్తూ, పడవని ఎగువకీ దిగువకీ దాటించే లాకుల తలుపులకు వీపు ఆనించి నెడుతుంది. వంతెన మీది జనం చెయ్యి ఊపేది మాత్రం ఆయనకే.

ఈసారి నార్మన్ లాకుల్లేని చుట్టుదారి చూపించాడు. "నీ మోకాళ్లకి ఇదే నయం."

"ఊరి నడిబొడ్డున లాకులుండగా దొంగలా దొడ్డిదారినా? నా వల్ల కాదు!" బెరిల్ లాకుల మీదుగానే గీత లాగింది.

"మరి తలుపులెవరు నెడతారే?"

ఆవిడ కడ్డీ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. "నీ మోకాళ్లు బానే ఉన్నాయిగా!"

తర్వాత ఆయన టోపీ తీసి తన నెత్తిన పెట్టుకుని, కిటికీ అద్దంలో చూసుకుంటూ, జనానికి ఊపినట్టు దర్జాగా చెయ్యి ఊపింది.