పెళ్లిచూపుల్లో ఫ్యూజు

ఆ రోజుల్లో నాకు ప్రతిదాని మీదా అనుమానమే. కండక్టరు టికెట్ ఇస్తే తిప్పి చూసేవాణ్ని, ఎవరైనా ఊరికే టీ తాగిస్తే ఏం అడగబోతున్నాడోనని సగం గ్లాసులోనే ఆగిపోయేవాణ్ని. నాచారంలో స్టీలు గిన్నెలు ఒత్తే కార్ఖానాలో పని చేస్తున్న పాపానికి, మిషన్ల మోతకు నాకు చెవుడు వచ్చిందని ఎవరో పుకారు పుట్టించారు. దాంతో మౌలాలి సంబంధం ఒకటి తప్పిపోయింది. అందుకే చిల్కానగర్‌లో పిల్లను చూడబోతుంటే మా బావ (అక్క మొగుడు, మనిషి మంచివాడే, సలహాలే ప్రమాదం) దారి పొడుగునా ఒకటే చెప్పాడు: "ఏమన్నా ఇనబడ్డట్టే తలకాయ ఊపు. మల్ల చెప్పున్రి అని మాత్రం అనకు."

పిల్ల తండ్రి ప్రార్థన చేసి, ఉప్మా పెట్టించి, నా ఉద్యోగం ఊసెత్తకుండా నేరుగా స్టీరియో దగ్గరికి తీసుకుపోయాడు. నడుమెత్తు స్పీకర్లు రెండు, వాటి మీద అల్లిన గుడ్డలు. ఆంప్లిఫయర్ వెనక నుంచి చిన్న గాజు ఫ్యూజు తీసి, "గిది మామూలుది తమ్మీ" అన్నాడు. దూదిలోంచి ఇంకోటి తీశాడు, రెండు కొసలా బంగారు రంగు. "గిది సింగపూర్‌ది. గిది పెడితే పాటకు పాణమొస్తది. జర మంచిగ ఇను." పాతదానితో ఒక ఏసు కీర్తన వినిపించి, ప్లగ్గు పీకి కొత్తది బిగించి, అదే కీర్తన మళ్లీ వేశాడు. నాకు రెండూ ఒకటే. కరెంటు ఎక్కువైతే కాలిపోయే ఫ్యూజుకు సంగీతంతో ఏం పని అని ఒక అనుమానం, ఇదంతా నా చెవులకు పెట్టిన పరీక్షేమోనని ఇంకో అనుమానం, తేడా నిజంగానే ఉండి నాకే వినపడలేదేమోనని అన్నిటికన్నా పెద్ద అనుమానం. బావ అప్పటికే కళ్లు మూసుకుని, "అబ్బబ్బ, మస్తుగున్నది మామా! తబలా గీ అర్రలనే కొడుతున్నట్టున్నది" అనేశాడు. (ఆ కీర్తనలో తబలా లేదు.)

"నువ్వేమంటవ్ తమ్మీ?"

అవునంటే గండం గట్టెక్కేది. కానీ ఆయన అసలు ఫ్యూజు మార్చాడో లేదో నాకు నమ్మకం లేదు. "నాకైతే రెండూ ఒక్కతీరుగనే ఇనబడ్డయ్ అంకుల్" అన్నాను. బావ నా కాలు తొక్కాడు. ఆయన నా చెవుల వంక జాలిగా చూసి, "కార్ఖానల శానా మోత ఉంటదా?" అని అడిగాడు. ఈ సంబంధమూ పోయిందనుకున్నాను. అప్పుడు తలుపు చాటు నుంచి పిల్ల గొంతు వినబడింది. "డాడీ, నాక్కూడ ఒక్కతీరుగనే ఇనబడ్డది. నువ్వు బాధపడ్తవని ఇన్నొద్దులు జెప్పలే."

"మీరిద్దరు ముందుగాల్నే మాట్లాడుకున్నరా ఏంది?" అని ఈసారి అనుమానం ఆయనకు పట్టుకుంది. మేము ఒకరి మొహం ఒకరం సరిగ్గా చూసుకోనే లేదు. ఆయన ఫ్యూజును మళ్లీ దూదిలో చుట్టి, "సరే తియ్. ఇద్దరికి ఒక్కతీరు చెవుడుంటే కాపురం మంచిగనే నడుస్తది" అన్నాడు.

మా మామ చనిపోయాక స్పీకర్లు మా ఇంటికే వచ్చాయి. ఆదివారం చర్చి నుంచి రాగానే మా ఆవిడ ఆ ఫ్యూజు తుడిచి పెట్టి, అదే కీర్తన వేస్తుంది. "ఏమన్న తేడా ఉన్నదా?" అని అడుగుతుంది. నా చెవులు ఇప్పుడు నిజంగానే మందగించాయి, అయినా "మస్తు తేడా ఉన్నది" అంటాను. ఆమె నన్ను అనుమానంగా చూస్తుంది. నేను అబద్ధమాడటం లేదు. అప్పట్లో పాట మోగినంతసేపూ స్పీకర్ల పక్కన ఒక మనిషి నిలబడి, మా మొహాల వంక ఆశగా చూసేవాడు.